అడగకముందే చింపిన గుడ్డ

తొర్రూరు బస్టాండుకు ఎదురుగా జగపతి సేటు బట్టల దుకాణం ఉండేది. భూములున్న ఇంటివాడే అయినా, దుకాణం పెట్టిన నాటి నుంచి ఊరంతా ఆయన్ని సేటనే పిలిచింది. అందులో బట్టలు చూపించే మనిషి జానీమియా. బోర్డు మీద పేరు సేటుది, బేరాలు మాత్రం జానీమియా చేతి మీద నడిచేవి. ఈ మాట సేటు బతికుండగా అంటే ఒప్పుకునేవాడు కాదు. ఒప్పుకోకపోతే నాకు పోయేదేమీ లేదు.

జానీమియా గొప్ప ఏమిటంటే, మీరు నోరు తెరవకముందే మీకు కావలసిన గుడ్డ పరుపు మీద పరిచి ఉండేది. బస్సు దిగిన మనిషి రోడ్డు దాటేలోపే ఆయన చూపు పని చేసేది. ఆడమనిషి ముందు నడుస్తూ, వెనక మొగుడు సంచి మోసుకుంటూ వస్తే పెళ్లి బట్టలు. మగమనిషి ముందు నడిస్తే ఒక ధోవతి, అంతకు మించి ఆశపడక్కర్లేదు. పాలకుర్తి వైపు వాళ్లకు ఎర్రంచు చీరలు, నర్సింహులపేట వాళ్లకు ముదురు రంగులు, కొత్తగా నౌకరీ దొరికిన పంతుళ్లకు టెర్లిన్. ఒక్కోసారి అంచనా తప్పేది. అప్పుడు తనలో తాను నవ్వుకుని, తీసిన బట్ట తాను మళ్లీ చుట్టి అరలో పెట్టేవాడు. చుట్టి పెట్టడానికి ఎంతసేపు?

ఎదుటి వరసలో ఇంకో బట్టల దుకాణం తెరిచాక సేటుకు నిద్ర పట్టలేదు. జనం అక్కడో కాలు, ఇక్కడో కాలు వేస్తున్నారు. ఇక చూపించడం చాలదు, అడగకముందే చింపి పెట్టమన్నాడు. చింపిన గుడ్డ ముందుంటే మొహమాటానికైనా కొంటారని ఆయన తెలివి. జానీమియాకు అది నచ్చలేదు. చుట్టుకోగల పొరపాటు వేరు, చింపిన పొరపాటు వేరని గొణిగాడట. కానీ ఇంట్లో భార్య రబియా బీ, పిల్లలు ఉన్నారు. చింపాడు.

ప్రత్యేక తెలంగాణ కోసం అరవై తొమ్మిదిలో గొడవలు లేచాయి. కాలేజీలు మూతపడ్డాయి. బస్సు ఎప్పుడు నడుస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలిసేది కాదు. ఓ ఉదయం వరంగల్లు బస్సు కండక్టరు సేటు చెవిన ఒక కబురు వేశాడు. హైదరాబాదులో చదువుకుంటున్న సంజీవ, నర్సింహులపేట దగ్గరి ఆగయ్య కొడుకు, కాల్పుల్లో పోయాడని. కాసేపటికే నర్సింహులపేట బస్సులోంచి ఆగయ్య దిగాడు. ఒక్కడే, తల వంచుకుని, గబగబా దుకాణం వైపే వస్తున్నాడు.

సేటు తెల్లగుడ్డ తాను వైపు చేయి చూపించాడు.

“సేటూ, ఆయనకు ఎరుకైందో లేదో” అన్నాడు జానీమియా.

“ఎరుకగాకుంటే గింత పొద్దుగాల ఎందుకొస్తడు? అవతలోని దగ్గరికి పోకముందే చింపు.”

ఈ మాటలు చాలా ఏళ్లకు రబియా బీ నోట విన్నాను. జానీమియా ఇంకోసారి ఆగయ్య మొహంలోకి చూశాడట. అది దుఃఖమే అనుకున్నాడు. అన్నేళ్లు మొహాలు చూసి బతికిన మనిషి ఆ ఒక్క మొహం దగ్గర పొరపడ్డాడు. ఆగయ్య వచ్చి పరుపు మీద కూర్చోగానే, చింపి మడిచిన తెల్లగుడ్డను రెండు చేతులతో అందించాడు.

ఆగయ్య అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిదెవలికి? మా సంజీవ ఇంటికొస్తుండు, పాయింటు గుడ్డ కోసమొచ్చిన.”

జానీమియా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి ఆగయ్యకు అంతా తెలిసిపోయింది. ఒళ్లోని గుడ్డ మీదే ఒరిగిపోయి, కొడుకు పేరు పెట్టి ఏడ్చాడు.

జనం పోగయ్యారు. సేటు అందరి ముందూ నెత్తి కొట్టుకుని, తను చెప్పనే లేదనీ సాయిబే తొందరపడ్డాడనీ అన్నాడు. జనం నమ్మారు. ఎందుకు నమ్మరు? అడగకముందే తీసిపెట్టే మనిషని ఏళ్ల తరబడి మెచ్చుకున్నది వాళ్లే కదా. జానీమియాకు ఒకరు చెప్పాలా అన్నారు. ఆ మెప్పే ఆయన మీద సాక్ష్యం చెప్పింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత పెళ్లి బట్టలకొచ్చిన ఆడవాళ్లు ఆయన తమ వైపు చూస్తే చాలు, లేచి వెళ్లిపోయేవారు. సేటు ఆయన్ని వెనక గదిలోకి మార్చాడు. కొన్నాళ్లకు రావద్దన్నాడు. జానీమియా గుడ్డ ముక్కలు మూటగట్టుకుని పాలకుర్తి వారపు అంగడిలో కూర్చున్నాడు. వచ్చినవాళ్లను ఏం కావాలని అడిగి, వాళ్లు నోటితో చెప్పేదాకా చేయి కదిపేవాడు కాదు. ఇదేం వ్యాపారమని విసుక్కుని పోయేవాళ్లు పోయేవారు.

ఆయనకు మిగిలింది ఒక్కటే ఆశ. ఆ గుడ్డ చింపించింది ఎవరో ఆగయ్యకు చెప్పాలి. ఊరు ఏమన్నా పడతాడు, ఆగయ్య మాత్రం తనను తప్పుపట్టకూడదు. అందుకోసం ఎన్నోసార్లు నర్సింహులపేట బస్సెక్కాడు. ధైర్యం చాలక దారిలోనే దిగిపోయాడు.

ఎనభైల్లో ఓ అంగడినాడు ఆగయ్యే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, ముసలివాడై. జానీమియా చటుక్కున లేచాడు.

“అన్నా, ఆ పొద్దు చింపుమన్నది సేటు. నేను అడ్డం చెప్పిన. నీ కాళ్లు మొక్కుత, నన్ను తప్పుపట్టకు.”

ఆగయ్యకు కోపం రాలేదు. సేటు గుణం తనకు ఎప్పుడో తెలుసన్నాడు. మూట పక్కనే మెల్లగా కూర్చున్నాడు.

“ఎవలు చెప్తే ఏంది జానీమియా. నేను బస్సెక్కి ఇల్లు చేరేదాకన్న నా కొడుకు నాకు బతికే ఉంటుండె. గా జరసేపు గూడ లేకుంట జేస్తిరి.”

తప్పు సేటుదని చెప్పుకోవడం ఆ రోజుతో జానీమియా మానేశాడని రబియా బీ అంది. నేను మాత్రం మానలేదు.