తేనెటీగలకు చెప్పిన మాట

మా ఊళ్లో గుర్రపు జీనులు కుట్టే ఏబెల్ బెడోస్ మార్చి చివర్లో, ఇక చలి తగ్గుతుందని అందరూ అనుకుంటున్న వారంలో పోయాడు. దగ్గరున్నది కూతురు కెజియా ఒక్కతే. ఇరవై ఆరేళ్లు, పెళ్లి కాలేదు. తల్లి పోయినప్పటి నుంచి ఇల్లూ, పెరట్లో తేనెటీగలు పెంచే గడ్డిబుట్టలూ ఆమె చేతిమీదే నడిచాయి. ఇల్లు అద్దెది. ముసలాయన చూపు మందగించాక ఆ అద్దె తేనె మీదే గడిచేది.

కొడుకు ఎడ్విన్ వుల్వర్‌హాంప్టన్ పట్నంలో ఇనుపసామాను కొట్టు పెట్టి పైకొచ్చినవాడు. భార్య లవీనియాతో దిగిన గంటకే చెల్లెలి సంగతి తేల్చేశాడు.

"ఖననం కాగానే మాతో వచ్చేస్తున్నావు. నలుగురు పిల్లల్ని మీ వదిన ఒక్కతే ఎక్కడ చూస్తుంది?"

"నేనిక్కడే ఉంటానన్నయ్యా. తేనె ఉందిగా, నా పొట్టకీ అద్దెకీ సరిపోతుంది."

"పెళ్లికాని పిల్ల ఒంటరిగా ఉంటే నా పరువేం కావాలి? బుట్టలు ఇచ్చేస్తున్నాను. తేనెటీగలు పెంచే పొరుగూరి గిట్టిన్స్‌కి కబురు పెట్టా."

కెజియా వంటగదిలోకి వెళ్లిపోయింది. తండ్రి శవం ఇంట్లో ఉండగా అన్నకు ఎదురు చెప్పే ఆడపిల్లను మా ఊరు మెచ్చదు.

మా వైపు ఇంటి యజమాని పోతే తేనెటీగలకు ఆ మాట చెప్పాలి. శవపేటిక గడప దాటే వేళ పెద్దకొడుకు ఇంటి తాళంచెవితో ఒక్కో బుట్టనూ తట్టి, పాత యజమాని పోయాడనీ, ఇకపై తాను యజమాననీ చెప్పి, నల్లగుడ్డ పీలిక కడతాడు. చెప్పకపోతే ఈగలు చస్తాయి, లేదా ఎగిరిపోతాయి. అందుకే పక్కింటి ప్రీస్ ముసలమ్మ తాళంచెవి తెచ్చి ఎడ్విన్ చేతిలో పెట్టబోయింది.

"పురుగులతో మాట్లాడటానికి రాలేదు నేను," అన్నాడు ఎడ్విన్.

"మీ నాన్న మాట్లాడేవాడు నాయనా. నీతోకంటే వాటితోనే ఎక్కువ," అని ఆమె తాళంచెవిని బల్లమీద పెట్టేసింది.

కెజియా టోపీ కట్టుకుంటుంటే లవీనియా ఆపింది. "మర్యాదస్థుల ఇళ్లలో ఆడవాళ్లు సమాధి దాకా వెళ్లరమ్మా. తెరలు దించుకుని లోపలే కూర్చోవాలి."

"మా ఆయన్ని నేనే నడిచి సాగనంపాను," అంది ప్రీస్ ముసలమ్మ. "నా మర్యాద ఏమీ అరిగిపోలేదు."

"మీ సంగతి వేరు లెండి."

"వేరే మరి. మా కిటికీలకు తెరలు లేవు."

మగవాళ్లు పేటిక ఎత్తారు. లవీనియా ముందుగదిలో చీకట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. కెజియా బల్లమీది తాళంచెవి తీసుకుని పెరటి గుమ్మంలోంచి బయటికి వెళ్లింది. వదిన పట్నం నుంచి తెచ్చిన నల్లటి సంతాపపు టోపీ రిబ్బన్లు కత్తిరించి పీలికలు చేసింది. ఒక్కో బుట్ట దగ్గరా వంగి, తట్టి, నెమ్మదిగా చెప్పింది.

"నాన్న పోయాడు. ఇకనుంచి మీకు కెజియానే. ఉండండి."

కంచె అవతలి నుంచి ముసలమ్మ అంతా చూసింది. ఆమె చూసిందంటే సాయంత్రానికి ఊరంతా చూసినట్టే.

మర్నాడు పొద్దున జోబ్ గిట్టిన్స్ బుట్టలకు మారుగా ఇవ్వడానికి బండిలో పందిపిల్లను వేసుకుని వచ్చాడు. మా వైపు తేనెటీగలను డబ్బుకు ఇవ్వరు, పుచ్చుకోరు; అలా కొన్నవి అచ్చిరావు. పెరట్లో నల్లపీలికలు చూసి అతను టోపీ తీశాడు.

"చెప్పిందెవరు?"

"నేనే," అంది కెజియా.

"ఎవరి పేరు చెప్పావమ్మా?"

"నా పేరే."

గిట్టిన్స్ ఎడ్విన్ వైపు తిరిగాడు. "అయితే మీతో నాకు బేరం లేదండీ. మీవి కానివి మీరెలా ఇస్తారు?"

"అవి పురుగులయ్యా!"

"పురుగులే. అందుకే మీ కోటు చూసి మాట మార్చుకోవు."

ఎడ్విన్ మొహం ఎర్రబడింది. "ఎవరూ తీసుకోకపోతే గంధకం పొగ పెట్టి చంపించేస్తా."

"పెట్టు అన్నయ్యా," అంది కెజియా. "గంధకం కొట్టుగదిలో ఉంది."

అతను కదల్లేదు. ఎండ బుట్టలమీదికి వచ్చింది, ఈగలు ఒకటొకటిగా బయటికి వస్తున్నాయి. గిట్టిన్స్ చూస్తున్నాడు, కంచె మీంచి ముసలమ్మ చూస్తోంది.

"అయినా ఒంటరిగా ఎలా..." అంది లవీనియా.

"ఒంటరిగా ఎందుకు? నేనొచ్చి ఉంటా," అంది ముసలమ్మ. "మా ఇంటికప్పు ఎలాగూ కారుతోంది."

"ఊరేమనుకుంటుంది?"

"ఊరంటే మేమేగా అమ్మగారూ," అన్నాడు గిట్టిన్స్. "ఏమీ అనుకోవడం లేదు."

వేసవి దాకా చూద్దామని ఎడ్విన్ మధ్యాహ్నమే బయల్దేరాడు. పందిపిల్ల కూడా వచ్చిన బండిలోనే వెళ్లిపోయింది.

కెజియా ఏడాది పొడుగునా నల్లబట్టలు కట్టింది, విందులకూ నాట్యాలకూ వెళ్లలేదు. వేలెత్తి చూపే సందు ఎవరికీ ఇవ్వలేదు. వేసవి వచ్చింది, వెళ్లింది. వుల్వర్‌హాంప్టన్‌లో పిల్లల కోసం జీతానికి ఆయాను పెట్టుకున్నారు. ప్రీస్ ముసలమ్మ చివరిదాకా ఆ ఇంట్లోనే ఉంది.

ఇప్పుడు కెజియా జుట్టు నెరిసింది. పాపం, పెళ్లి కాలేదని ఆడవాళ్లు ఆమె గుమ్మం ముందే జాలిపడుతూ, తేనె కోసం జాడీలతో వరసలో నిలబడతారు. ఆమె నడుముకు తాళంచెవి వేలాడేసుకుని వచ్చి, వరస ప్రకారం తేనె పోస్తుంది.