విగ్గుకున్న విలువ పిక్కకు లేదు

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా అమ్మాయి ఐరిష్ స్టెప్ డాన్స్ నేర్చుకునేది. అందులో చేతులు పక్కనే బిగబట్టుకుని, నడుము పైభాగం కొయ్యలా నిలిపి, కాళ్ళతో మాత్రం గాలిలోకి ఎగరాలి. అంత బరువూ మోసే కాళ్ళ సంగతి అక్కడ ఒక్కరికీ పట్టేది కాదు. తల్లుల ధ్యాసంతా పోటీకి పెట్టే ఉంగరాల విగ్గుల మీదే.

పోటీ రోజు హోటల్ కారిడార్‌లో పిల్లల్ని కూర్చోబెట్టి తలనిండా పిన్నులు గుచ్చేవారు. మేజోళ్ళు జారకుండా పిక్కలకు జిగురు కూడా పూసేవారు. విగ్గు చెదురుతుందని ఆ పిల్లలు గంటల తరబడి కదలకుండా కూర్చుని, పిలవగానే బిగుసుకుపోయిన కాళ్ళతో వేదికెక్కి గెంతేవారు. కాస్త ఒళ్ళు వేడెక్కించుకోనివ్వండి అంటే, "కర్ల్స్ పాడైపోవూ!" అని నన్నే వింతగా చూసేవారు. మహా గొప్ప శిక్షణ!

టీచర్ సరేసరి. పిక్క నొప్పి అంటే "స్మైల్" అనేది. అంతకుముందు కూచిపూడి క్లాసు నుంచి వచ్చి ఎక్కడ లాగుతోందో వేలు పెట్టి చూపించిన పిల్ల, ఇక్కడ రెండేళ్ళు గడిచాక, నేను తీసుకెళ్ళి చూపించిన ఫిజికల్ థెరపిస్ట్ పిక్క నొక్కి నొప్పిగా ఉందా అని అడిగితే "ఐ డోంట్ నో" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తన కాలి సంగతి తనకే తెలియకుండా చేశారు కదా! గుండె డాక్టరైన మా ఆయనేమో, "గ్రోయింగ్ పెయిన్స్. నువ్వూరికే హైరానా పడకు" అని తేల్చేశారు. గుండె నుంచి పిక్క దాకా దిగి చూసే తీరిక ఆయనకెక్కడిది?

థెరపిస్ట్ మాత్రం పిల్లను కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది, మడమలు మెల్లగా ఎత్తి దించమంది. ఏ కాలు ముందు అలిసిందో చెప్పాలి. అదంతా డాన్స్ కాదు, టైమ్ వేస్ట్ అని టీచర్ మూతి విరిచింది. కొన్ని వారాలకు మా పిల్ల తనంతట తనే, "అమ్మా, లెఫ్ట్ పిక్క టైట్‌గా ఉంది" అనడం మొదలుపెట్టింది.

తర్వాతి పోటీలో గెలిస్తే పై లెవెల్‌కి వెళ్తుంది. పిక్క లాగితే ఆగిపొమ్మని థెరపిస్ట్, ఏమైనా సరే ఆగొద్దని టీచర్. డాన్స్ సగంలో మా పిల్ల ఆగింది. పాట అయ్యేదాకా నిలబడి, జడ్జికి వంగి నమస్కరించి, నడుచుకుంటూ దిగి వచ్చింది.

ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటే మెడల్ వచ్చేదని టీచర్ పిల్ల మీద విరుచుకుపడింది. మా పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటూ అంది:

"మిస్‌కి తెలీదు అమ్మా. నాకు తెలిసింది, ఆపేశా."