చాందీ ఓటు కోసం బాల్‌సింగ్‌కు క్యాంపు

పొద్దున్నే చాందీ చెరువు కట్ట ఎక్కి, తూము దగ్గర నీళ్లు ఎన్ని రాతి మెట్లు దిగాయో చూసుకుంటుంది. తర్వాతే ఇంటికొచ్చి పొయ్యి ముట్టిస్తుంది.

పెద్దవంగర వైపున్న ఆమె తండా పొలాలన్నీ కాలువ చివరనే ఉన్నాయి. ఊళ్లో రాజమౌళిది ఒక వర్గం, సదానందానిది ఒక వర్గం. ఏ వర్గం గెలిస్తే తూము తాళంచెవి ఆ వర్గం ఇంట్లో ఉండేది. ఓడినవాళ్లు కోపంతో కాలువకు గండి కొట్టేవాళ్లు. వాళ్ల కొట్లాటలో తండా వరి రెండు యాసంగులు గింజ పట్టకముందే, పొట్ట మీదే ఎండిపోయింది. మూడోసారి కూడా ఎండితే చాందీ, భర్త బాల్‌సింగ్ హైదరాబాద్‌కు మట్టిపనికి పోక తప్పదు. అందుకే ఆమె ఏ వర్గం కండువా కప్పుకోకుండా వార్డు మెంబరుగా నిలబడింది. పదకొండు ఓట్ల తేడాతో గెలిచింది.

రాజమౌళి సర్పంచ్ అయ్యాడు. పంచాయతీలో ఆయనతో కలిపి ఆయన వర్గం నలుగురు, సదానందంతో కలిపి అవతలి వర్గం నలుగురు. తొమ్మిదో మనిషి చాందీ. ఆమె ఎటు చెయ్యి లేపుతుందో తెలియక ఉపసర్పంచ్ ఎన్నికకు రెండు వర్గాలూ జంకి రాలేదు. ఎన్నిక మరునాటికి వాయిదా పడింది. సాయంత్రం రాజమౌళి మనుషులు తండాకు కారు తెచ్చి, క్యాంపు కోసం బాల్‌సింగ్‌ను జనగామ లాడ్జికి తీసుకెళ్లారు. మెంబరు భార్య అయినా చెప్పేది మగడేనని వాళ్ల ధీమా.

మరునాడు పంచాయతీ ఆఫీసులో రాజమౌళి నవ్వాడు. "చాందమ్మా, బాల్‌సింగ్ మాటిచ్చిండు. మావోనికి చెయ్యి లేపుడే నీ పని."

"బిర్యానీ తిన్నది ఆయన, గెలిచింది నేనన్నా. ఆయనకు ఓటుంటే ఆయననే లేపుమను!"

గదంతా గొల్లున నవ్వింది.

"గట్ల చెప్పు చెల్లె! మా యమునకు ఓటెయ్యి," అన్నాడు సదానందం, ఉపసర్పంచ్‌గా నిలబడ్డ తమ మెంబరును చూపిస్తూ.

"జర ఆగన్నా. గండి కొట్టింది నీ మనుషులు కాదా?" అంటూ చాందీ ఒక కాగితం తీసింది. "తాళంచెవి ఆఫీసులనే ఉండాలె. నీళ్ల వంతు తొమ్మిది మందిమి కూసోని రాసుకోవాలె. దీని మీద సంతకం పెట్టనోళ్లకు నా చెయ్యి లేవది."

సదానందం, యమున పెట్టారు. అది చూసి రాజమౌళి కూడా గబగబా పెట్టాడు. అప్పుడు చాందీ యమునకు చెయ్యి లేపింది. ఐదు, నాలుగు.

"నేను గూడ పెట్టిన గదా!" అన్నాడు రాజమౌళి.

"పెట్టినవన్నా. సర్పంచువు నువ్వు, ఉపసర్పంచ్ ఆమె. ఇద్దరు ఒక్క దిక్కోళ్లయితే గీ కాగితం చింపుతరు. ఇగ ఒకరినొకరు కావలి కాయుర్రి."

బయట తండా ఆడవాళ్లు నగారా మోగించారు. బాల్‌సింగ్‌ను మాత్రం ఎవరూ కారులో దింపలేదు. మధ్యాహ్నం బస్సులో వచ్చాడు.

"ఓడిపోయినమటనే?"

"నువ్వు ఓడినవ్. నేను గెలిచిన."

వర్గాలు పోలేదు. మీటింగుల్లో ఇప్పటికీ బల్లలు గుద్దుకుంటారు. కానీ గుద్దుకుని, వంతు రాసుకుని లేస్తారు. ఈ యాసంగి కాలువకు ఒక్క గండీ పడలేదు.

చాందీ తన ముప్పై గుంటల్లో వరి కోసింది.