ఒక భట్టీ, రెండు బేకరీలు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆమె బన్నులమ్మే. అత్తగారి చేతికింద పిండి పిసకడం నేర్చుకుంది, మొగుడి పక్కన నిలబడి రొట్టెలు కాల్చే భట్టీ రాజేయడం నేర్చుకుంది, ఆయన పోయాక ఆ రెండు పనులూ తానే నెత్తిన వేసుకుంది. తోడుగా పెళ్ళి చేసుకోని ఆడపడుచు ఒకతి. ఆవిడ చేయి ఎంత చురుకో నోరు అంతకు రెండింతలు. తెల్లవారేసరికి బన్నులు, పొద్దెక్కేసరికి రొట్టెలు, ఆ వేడి తగ్గుతుంటే బిస్కెట్లు. మధ్యాహ్నానికి భట్టీ చల్లబడేది. ఆ తరువాత ఆ ఇంట్లో గడియారం చప్పుడు తప్ప మరొకటి వినిపించేది కాదు.

వీధి రెండో చివర ఇంకో బేకరీ ఉంది. దాని యజమానిని అందరూ మీసాలాయన అనేవారు. వాళ్ళ మతం వేరు, దండం పెట్టే తీరు వేరు. అదొక్కటే అయితే పేచీ ఉండేది కాదు. ఎప్పుడో ఒక హోటలుకు రొట్టెలు వేసే బేరం బన్నులమ్మ భర్త చేతిలోంచి మీసాలాయన చేతిలోకి జారింది. అప్పటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు ఆకాశం వైపు, ఒకరు కాలువ వైపు చూసేవారు. బన్నులమ్మ భర్త చనిపోయిన రోజున మీసాలాయన వచ్చి, గుమ్మం బయటే కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. ఆమె కూడా అనలేదు.

ఒక వానాకాలం ఎడతెరిపి లేని ముసురుకు మీసాలాయన భట్టీ కూలిపోయింది. మనుషులకేమీ కాలేదు గానీ ఇటుకలన్నీ కుప్పబడ్డాయి, పొగగొట్టం పోయి పక్కింటి గోడ మీద వాలింది. వానలు తగ్గి నేల ఆరితే తప్ప కొత్తది కట్టడం కుదరదన్నాడు మేస్త్రి.

ఆ కబురు మోసుకొచ్చిన ఆడపడుచు ముఖం చాటంత అయింది.

"దేవుడున్నాడు వదినా. మన నోటికాడి కూడు లాక్కున్నవాళ్ళకు తగిన శాస్తే జరిగింది."

బన్నులమ్మ చేతిలో పిండి ముద్ద ఆగింది. "దేవుడున్నాడు గానీ, ఊళ్ళో వాళ్ళ భట్టీలు కూల్చుకుంటూ తిరిగే పని ఆయనకు లేదే. నోరు మూసుకుని ట్రేలకు నూనె రాయి."

అనడమైతే అన్నది గానీ, తన మనసులో కూడా ఏదో మూల ఆ సంతోషమే తొంగి చూసిందని ఆమెకు తెలుసు. అది ముల్లులా గుచ్చుకుంది. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుంటే కూలిన ఇటుకల కుప్పే కనిపించింది. దాని ముందు గోనెపట్టా కప్పుకుని కూర్చున్న మీసాలాయన తల్లి కనిపించింది. చర్చి విడిచాక ఆమె ఇంటికి పోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, బురద దాటుకుంటూ తిన్నగా వాళ్ళ గుమ్మం ముందుకు వెళ్ళి నిలబడింది.

"మా భట్టీ మధ్యాహ్నం నుంచి ఖాళీగానే ఉంటుంది," అంది, పలకరింపు కూడా లేకుండా. "మీ పిండి, మీ కట్టెలు తెచ్చుకోండి. మీది లేచేదాకా మాదాంట్లోనే కాల్చుకోండి."

మీసాలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎందుకండీ?" అన్నాడు.

"ఎందుకేమిటి? భట్టీ ఉన్నది రొట్టెలు కాల్చడానికే కదా."

ఆయన గుమ్మానికి అడ్డు తప్పుకున్నాడు. వెనక నుంచి ముసలి తల్లి, "లోపలికొచ్చి కూర్చో అమ్మాయ్, మంచినీళ్ళైనా తాగు," అంది. ఆ పిలుపు వినగానే, తమ గుమ్మం బయట నిలబడి వెళ్ళిపోయిన మనిషి గుర్తొచ్చి బన్నులమ్మకు సిగ్గేసింది. నీళ్ళు తాగి, తల వంచుకుని వచ్చేసింది.

ఇంట్లో ఆడపడుచు ఇంతెత్తున లేచింది. "ఒక ఒరలో రెండు కత్తులు ఎక్కడైనా ఇముడుతాయా వదినా?"

"కత్తులు ఇమడవేమో. రొట్టెలు ఇముడుతాయి."

మర్నాడు మధ్యాహ్నం మీసాలాయన, ఆయన భార్య పిండి ట్రేలు మోసుకుంటూ వచ్చారు. వెనకాలే కర్ర పొడుచుకుంటూ ముసలావిడ. భట్టీ పైన గోడకు మసిబారిన చెక్క సిలువ ఒకటి ఉంది. దాని వంక చూస్తూ బన్నులమ్మ తటపటాయించింది.

"మీకేమైనా ఇబ్బందా? కాసేపు తీసి లోపల పెట్టనా?"

"ఇల్లు ఆయనది, వచ్చినవాళ్ళం మేం," అన్నాడు మీసాలాయన. "ఇంటాయన్ని బయటికి పంపేస్తామా?"

ఆడపడుచు మూతి తిప్పుకుంది గానీ, ట్రే అందుకోవడానికి చేయి మాత్రం చాచింది.

ఈ సంగతి చర్చికి పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఆయన జ్ఞాపకంగా అందరికీ పంచే రొట్టె బన్నులమ్మ ఇంట్లోనే తయారయ్యేది. అత్తగారి నుంచి ఆమెకు దక్కిన పని అది. చర్చి సంఘపెద్ద కలప మిల్లు నడుపుతాడు. చెడ్డవాడు కాదు, ఆమె భర్త శవపేటికకు మంచి చెక్క ఏరి ఇచ్చినవాడు. ఆయనే ఆమెను పక్కకు పిలిచాడు.

"ప్రభువు బల్లకు రొట్టె కాలే భట్టీ అది. అందులో బయటివాళ్ళవి కూడా కాలుస్తున్నారంటే ఎట్లా అమ్మా? వాళ్ళకు సాయం చెయ్యాలంటే వేరే దారులున్నాయి."

"వాళ్ళకు కావలసింది భట్టీ అండీ. నా దగ్గరున్నదీ భట్టీయే."

"అయితే బల్ల రొట్టె వేరేచోట చూసుకుంటాం."

ఆమె సరేనని తల ఊపింది. ఇంటికొచ్చి, ఆ రొట్టెకని వేరుగా ఉంచిన గిన్నెను కడిగి బోర్లించింది. ఆ పూట అన్నం సహించలేదు. ఆడపడుచు కూడా మొదటిసారి దెప్పిపొడవకుండా కంచాలు తీసేసింది.

ఆ దిగులును మెల్లగా కరిగించినవి మధ్యాహ్నాలే. ముసలావిడ పీట వేసుకుని కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ విప్పేది. ఒకరోజు మీసాలాయన పిండి పిసుకుతూ ఉన్నట్టుండి నవ్వాడు.

"మీ ఆయనా నేనూ ఒకే బేకరీ మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం, తెలుసా చెల్లెమ్మా?"

ఆమెకు తెలియదు. భర్త ఎన్నడూ చెప్పలేదు.

"మీసాలు కూడా రాని వయసు. వాడికి నిలబడి నిద్రపోయే విద్య ఉండేది. ఒకసారి అట్లాగే తూగి, మైదా తొట్టెలో తలకిందులుగా పడ్డాడు. లేచి కూర్చుంటే కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. మేస్త్రి దయ్యమనుకుని వీధిలోకి పరుగు."

బన్నులమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. భర్త పోయాక ఆయన గురించి కొత్త మాట వినడం అదే మొదలు. తనకు తెలిసిన మొగుడితోనే సరిపెట్టుకోవాలి అనుకున్న మనిషికి, తాను చూడని కుర్రవాడొకడు పిండి దులుపుకుంటూ ఎదురొచ్చాడు. ఆ తరువాత రోజూ అడిగి అడిగి చెప్పించుకునేది. హోటలు బేరం సంగతి కూడా ఒకరోజు మీసాలాయనే ఎత్తాడు. "అప్పుడు నేను వాడితో ఒక మాట అనాల్సింది చెల్లెమ్మా. అనలేదు." "ఆయనా అడగాల్సింది అన్నయ్యా, అడగలేదు," అంది ఆమె. ఆ సంగతి అంతటితో చల్లారింది.

ఒక శనివారం పాస్టరుగారు గొడుగు ముడుస్తూ వచ్చారు. నెమ్మది మనిషి, గొడవంటే గిట్టదు.

"రేపటికి రొట్టె కావాలమ్మా."

"సంఘపెద్దగారు ఒప్పుకున్నారా?"

"బల్ల ప్రభువుది, మనం పీటలు వేసేవాళ్ళమే, ఎవరు కూర్చోవాలో చూసే పని మనకు ఇవ్వలేదు అని చెప్పాను. ఒప్పుకోలేదు. వద్దని కూడా అనలేదు."

బోర్లించిన గిన్నె మళ్ళీ పైకి తిరిగింది. అయితే రొట్టె భట్టీలో ఉండగానే వేడి ట్రే తగిలి ఆమె కుడిచేయి బొబ్బలెక్కింది. ఆడపడుచు చల్లటి నీళ్ళకోసం లోపలికి పరుగెత్తింది. ఆ మధ్యాహ్నం అక్కడున్నవాళ్ళలో, రొట్టెలు బయటికి లాగే పొడవాటి తెడ్డు ఎత్తగలిగినవాడు మీసాలాయన ఒక్కడే. ఆయన తెడ్డు దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"ఇది మీ ప్రార్థనది అంటున్నారు కదా. నేను ముట్టుకోవచ్చా?"

"మాడిపోతే ప్రభువు ఏమీ అనకపోవచ్చు అన్నయ్యా, నేనంటాను. తియ్యండి ముందు."

ఆయన తీశాడు. పసిబిడ్డను దించినట్టు బల్ల మీదకు దించాడు. మర్నాడు చర్చిలో కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆ రొట్టె ముక్క నోట్లో వేసుకున్నప్పుడు, ఇన్నేళ్ళలో ఏ రొట్టెకూ చెప్పుకోనంతగా ఆమె ప్రభువుకు కృతజ్ఞత చెప్పుకుంది. సంఘపెద్ద కూడా తిన్నాడు. ఆ రొట్టెను భట్టీలోంచి ఎవరు తీశారో ఆమె దాచలేదు. బయటికొస్తూ ఆయనకు తానే చెప్పింది. ఆయన వంగి చెప్పులు వెతుక్కున్నాడు. చివరికి, "బాగానే కాలింది," అని చెప్పులు వేసుకున్నాడు.

వానలు తగ్గాక మీసాలాయన కొత్త భట్టీ లేచింది. ఆ భట్టీ గది తలుపుకు చెక్క సంఘపెద్ద కలప మిల్లు నుంచే వచ్చింది. మొదటి నిప్పు బన్నులమ్మ చేతే వేయించారు. వాళ్ళు తమ తీరున దండం పెట్టుకున్నారు, ఆమె తన తీరున కళ్ళు మూసుకుంది. మొదటి వాయి ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా వచ్చింది. మంచి పక్క ఏరి ఆమెకు పెట్టి, మాడింది తాము తిన్నారు.

తన మధ్యాహ్నాలు మళ్ళీ మూగబోతాయని ఆమె భయపడింది. కానీ మర్నాడు భోజనాల వేళ దాటగానే గుమ్మంలో కర్ర చప్పుడైంది. ముసలావిడ తన పీట తానే లాక్కుని కూర్చుంటూ, "మా ఇంట్లో కొత్త ఇటుకల వాసన, తల నొప్పి," అంది.

ఆడపడుచు అప్పటికే టీ పెట్టడానికి లేచింది.