మినోబె గారి సున్నాలు

మా క్యోటో సందులో మినోబె గారంత తెలివైన మూర్ఖుడు ఇంకొకడు లేడు. పన్నుల ఆఫీసులో రిటైరయ్యాక ఆయనకు పజిల్ పత్రికలే లోకం. అయిదుగురు మనుషులు, అయిదు టోపీలు, అయిదు కూరలు; ఎర్ర టోపీవాడు చేప తినడు, నల్ల టోపీవాడి పక్కవాడు వంకాయ తింటాడు. గళ్లు గీసి, అవునైతే సున్నా, కాదైతే ఇంటు పెట్టుకుంటూ పోతే ఎవరేం తిన్నారో తేలిపోతుంది. ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదని ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటాడు.

ఈ ఏడు సందు పెద్దరికం వంతు ఆయనకొచ్చింది. ఆగస్టులో పిల్లల కోసం చేసే జిజో దేవుడి పండుగ ఆయన నెత్తిన పడింది. సందులో పిల్లలు తగ్గిపోయారు. ఈసారి సరిగా జరగకపోతే ఇక మానేద్దామని ముసలాళ్లు ముందే గొణిగారు.

పట్టిక పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. లాంతర్లు ఎవరు, పుచ్చకాయలు ఎవరు, మిఠాయిలు ఎవరు?

"అలాగేనండీ, ఆలోచిస్తాం," అన్నారు ప్రతి ఇంట్లోనూ. సున్నా పెట్టుకున్నాడు. ఈ ఊళ్లో ఆ మాటంటే కుదరదనే, అది పసిపిల్లలకైనా తెలుసు.

నేను ఒసాకాలో పుట్టినదాన్ని, మావాళ్లు ఏదైనా మొహం మీదే అనేస్తారు. మా టోఫూ కొట్లోంచే అరిచాను: "నావల్ల కాదు బాబూ, ఆ రోజు కొట్టు కిటకిటలాడుద్ది!" నాకు ఇంటు పడింది.

మిగతా చాకిరీ నువ్వు చూస్తావా అని భార్య సుమియెను అడిగాడు. "నాకేం, పర్వాలేదండీ," అందావిడ, పెళ్లయిన నాటినుంచీ అంటున్నట్టే. ఇంకో సున్నా.

పండుగ పొద్దున జిజో విగ్రహం ముందు ఖాళీ చాప. పిల్లలు బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. మినోబె గారు మాత్రం పట్టిక ఊపుతున్నాడు.

"ఎక్కడా పొరపాటు లేదే! అందరికీ సున్నాలే!"

"ఆ సున్నాలే పిల్లలకి పెట్టండి, తింటారు," అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. కొట్టు కట్టేసి, వేయించిన టోఫూ, ఇంట్లో ఉన్న పుచ్చకాయ తెచ్చి చాప మీద పెట్టాను.

ఆయన మొహం మాడ్చుకున్నాడు. "మీరు కుదరదన్నారు కదమ్మా! ఇప్పుడు పట్టికంతా చెడింది."

పొద్దున్నుంచీ ఊడ్చి, కడిగి అలిసిపోయిన సుమియె గారు చీపురు పక్కన పెట్టింది.

"ఏమండీ, ఇన్నేళ్లూ పర్వాలేదన్నానే, అన్నిటికీ సున్నాలే పెట్టుకున్నారా?"

"మరి? నువ్వే కదా అన్నావు."

ఆవిడ ఆయన చేతిలోని పెన్సిల్ లాక్కుని, తన పేరు పక్కన ఇంటు పెట్టి, పిల్లల మధ్య కూర్చుని పుచ్చకాయ ముక్క అందుకుంది. మినోబె గారు రబ్బరు కోసం జేబులు తడుముకున్నాడు.