గాలి మీదకు నెట్టిన తప్పు

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వెనక ఎవరో టపాకాయలు కాల్చారు. డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కూలబడ్డ నాకు కిటికీలోంచి గంధకం వాసన వచ్చింది. కెనడాలో నేను చదువుకున్న సస్కటూన్ ఊరి బయటి పొలాలూ, మూర్తి గారూ గుర్తొచ్చారు.

ఆయనది కాకినాడ. వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక, మా యూనివర్సిటీ రాకెట్ క్లబ్బుకు పెద్దదిక్కయ్యారు. మాలాంటి విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న సంవత్సరాలవి. అద్దె గది దొరకడమే గగనం. వరంగల్ నుంచి వచ్చిన నేను వేర్‌హౌస్‌లో పెట్టెలు మోస్తూ, మిగిలిన గంటల్లో, ఆయన గరాజ్‌లో, ఒక చలికాలమంతా నాకన్నా పొడవైన రాకెట్ కట్టాను. "చేతులు వణుకుతుంటే పని ముట్టుకోకమ్మా. పోయి పడుకో," అనేవారు.

జూలైలో దాన్ని ఎగరేసే రోజున గాలి గట్టిగా ఉంది, అయితే హద్దు దాటలేదు. నేను రాత్రి షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చాను. రాకెట్‌లో రెండు పారాచూట్లు. ఆకాశంలో చిన్నది, నేలకు దగ్గరయ్యాక పెద్దది విచ్చుకోవాలి.

"వైర్లు మళ్లీ చెక్ చేశావా అమ్మా?"

"చేశా అంకుల్."

చేయలేదు. రాకెట్ నిటారుగా వెళ్లింది. అంత ఎత్తునే ఎర్రటి పెద్ద పారాచూట్ విచ్చుకుంది. వైర్లు తారుమారు చేశానని అప్పుడే తెలిసిపోయింది. గాలి దాన్ని ఆవచేలలా పసుపుపచ్చగా పూసిన కనోలా చేల మీదుగా మెల్లగా తీసుకుపోయింది. ట్రాకర్ సిగ్నల్ కాసేపు వచ్చి ఆగిపోయింది.

రైతునడిగి మధ్యాహ్నమంతా చేల అంచుల వెంట నడిచాం. మోకాలి నొప్పి కదా, కారులో కూర్చోమంటే, "కూర్చుంటే మళ్లీ లేవలేను," అన్నారు. పొద్దు వాలాక ఆయనే "చాలమ్మా" అన్నారు. రాకెట్ మరి దొరకలేదు.

మర్నాడు క్లబ్బుకు రిపోర్టు రాశాను: బలమైన గాలి వల్ల రాకెట్ పోయింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"గాలి మనం వెళ్లేసరికే ఉంది కదమ్మా. తర్వాత ఏం జరిగిందో రాయి."

"వైర్లు చూడలేదు అంకుల్. చూశానని మీకు అబద్ధం చెప్పా."

"నువ్వు నిద్ర లేకుండా వచ్చావని తెలిసీ ఎగరనిచ్చాను. అదీ రాయి, నా పేరు పెట్టి."

తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

రెండేళ్లకు ఆయన పోయారు. నేనిప్పుడు కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తున్నాను. పోయిన వారం పగుళ్లున్న భాగాలు కొన్ని నా టేబుల్ దాటి వెళ్లిపోయాయి. కారణం రాయమని నాకో ఫారం ఇచ్చారు.

"మెషీన్ ప్రాబ్లమ్ అని రాసెయ్. నీ పీఆర్ ఇంకా పెండింగ్ కదా, ఉద్యోగం పోతే ఇక్కడ శాశ్వతంగా ఉండటం కష్టం," అన్నాడు పక్కన పనిచేసే రమేష్, నా మంచి కోరే.

ఫారం ముందుకు లాక్కున్నాను. ధైర్యం వచ్చిందని చెప్పలేను, ఒళ్లంతా అలసట. ఆఖరి పెట్టె తెరవకుండానే సంతకం పెట్టానని రాసి, కింద గోడౌన్‌కి వెళ్లి ఆ సరుకులో ఇంకా మిగిలిన పెట్టెలు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాను.