సగం నారుకే నిమురుడు

డిగ్రీ చివరి ఏడాది చదివే ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, నేను పుట్టుకతోనే శాస్త్రవేత్తనని. రెండు, మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదని. (రెండోదే ముందు పోయింది.) ప్రాజెక్టులో మంచి మార్కులొస్తే ఎమ్మెస్సీకి పంపుతానని, లేకపోతే కోట ఊళ్లో మామ నడిపే రొయ్యల మేత కొట్లో కూర్చోవాల్సిందేనని నాయన తేల్చేశాడు. ఆ కొట్టు వాసన తలుచుకుంటేనే నాకు ఎక్కడలేని పట్టుదల వచ్చేది.

నా ప్రాజెక్టు ఇదీ. లేత కాడను రోజూ కాస్త వంచుతూ ఉంటే లోపలి కణాలు ఆ లాగుడును పసిగట్టి, పొడవు సాగడం తగ్గించి గోడలు గట్టి చేసుకుంటాయి. మొక్క పొట్టిగా, దిట్టంగా పెరుగుతుంది. పెరట్లో అరవై టమోటా మొక్కలు పెంచి, ముప్పైని పొద్దునా సాయంత్రం కుంచెతో ఇరవైసార్లు చొప్పున నిమిరాను. మిగతా ముప్పై జోలికి పోలేదు. తేడా చూపించాల్సింది అవేగా!

మూడు వారాలకు స్కేలు పెట్టి కొలిస్తే అరవైకి అరవై పొట్టివే. స్కేలు తిప్పి మళ్లీ కొలిచాను, అంతే. తలుపు దగ్గర మా అవ్వ చల్లగా నవ్వుతోంది.

"నువ్వు కాలేజీకి పోయినాక నేనే నిమిరినా. సగానికి ముద్దులు, సగానికి మొండిచెయ్యా? అవేం పాపం చేసినాయే?"

"అవ్వా! నా బతుకు నాశనం చేసినావు!"

"నారుమడి మీద పొద్దున్నే తాడు లాగి మంచు రాలుస్తామే, సగం మడికి లాగి సగం వదిలేస్తామా? ఏం చదువులే తల్లీ!"

ఏడ్చాను, అరిచాను, అన్నం మానేశాను. (ఒక పూటే. రాత్రికి చేపల పులుసు.) గడువుకు ఇంకా నెల ఉంది. మర్నాడే మళ్లీ అరవై విత్తనాలు నాటాను. మనుబోలులో పిన్ని కూతురి పెళ్లి కూడా ఎగ్గొట్టాను. కాలేజీకి పోయేటప్పుడు తాకని ముప్పైని గదిలో పెట్టి తాళం వేద్దామంటే వెలుతురు తేడా వస్తుంది. అందుకే వాటిని ముట్టనని అవ్వ చేత ఒట్టు వేయించుకున్నాను. పాపం, ఆమె ఆ మొక్కల వైపు వీపు పెట్టుకుని కూర్చునేది. ఈసారి తాకనివి సన్నగా, పొడుగ్గా సాగాయి. నిమిరినవి పొట్టి గుంజల్లా నిలిచాయి.

పరీక్షకొచ్చిన పెద్దాయన రికార్డు తిరగేసి, "చెడిపోయిన మొదటి విడత కూడా ఎందుకు రాసినావమ్మా?" అన్నాడు.

"మా అవ్వ నిమిరింది సార్. ఎవరు నిమిరినా కణానికి ఒకటే అని తేలింది కదా!"

ఆయన కళ్లజోడు తీసి మరీ నవ్వాడు. మార్కులూ వచ్చాయి, ఎమ్మెస్సీ సీటూ వచ్చింది. ఆ మాట చెబితే అవ్వ, "సంతోషంలే. ఒట్టు తీరినట్టేనా?" అంటూ పెరట్లోకి పరుగెత్తింది.

ఇప్పుడు నేను పాఠాలు చెప్పే ల్యాబులో పిల్లలు సగం కుండీలకు "తాకరాదు" అని చీటీ అంటిస్తారు. నేను బుద్ధిగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. కానీ ఆ సన్నటి కాడలను చూస్తుంటే అయ్యో అనిపిస్తుంది. ఈమధ్య పిల్లలు వెళ్తూ వెళ్తూ ల్యాబుకు తాళం వేసి, తాళంచెవి కూడా తీసుకెళ్తున్నారు.